కొండలెక్కడానికి బండి ఎందుకండీ?

"సొంత కారు, బైకు లేకుండా బస్సులూ రైళ్లతోనే ఏడాదంతా కొండలెక్కడం కుదిరే పనేనా? లేక సెకండ్ హ్యాండ్ బైకైనా కొనుక్కోవాలా?" అని అడిగారు.

కుదురుతుంది. నాకు నలభై ఎనిమిదేళ్లు, మోకాళ్లు అంతంత మాత్రం, డ్రైవింగ్ రాదు. పోయిన ఏడాది ఇరవై మూడుసార్లు ఏదో ఒక గుట్ట ఎక్కాను. బస్సు, రైలు, మా అబ్బాయి హాస్టల్‌కి పోతూ వదిలేసిన సైకిలు, రెండుసార్లు పడవ. అంతే.

అసలు బండి ఉంటేనే కష్టం అంటాను నేను. కొండ కింద బండి పెట్టారనుకోండి, గుంజకు కట్టేసిన బర్రెలాగా ఎటు పోయినా మళ్లీ అక్కడికే రావాలి. పైనుంచి అవతలి లోయ ఎంత బాగా కనబడినా దిగలేరు, కారు ఇవతల ఉంది కదా! బస్సులో వచ్చినవాళ్లకి ఆ బాధ లేదు. ఇటు ఎక్కి అటు దిగిపోవచ్చు.

మొదట హైదరాబాద్‌కి దగ్గరివే చూసుకున్నాను. భువనగిరి రైల్లో పోయి రావచ్చు. చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన కోట, కొండంతా ఒక్కటే బండ. ఏప్రిల్‌లో మాత్రం పొద్దున తొమ్మిదిలోపు దిగిపోండి, తర్వాత అది పెనమే. వికారాబాద్ స్టేషన్లో దిగి అనంతగిరికి సైకిల్ తొక్కాను, చివరి ఎక్కుడు మాత్రం తోసుకుంటూనే. మూసీ పుట్టేది అక్కడే. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకునే మనం ఒకసారి ఆ మొదలు చూసి రావాలి. ఆదివారం మాత్రం పోకండి. కార్ల వాళ్లు స్పీకర్లు పెట్టి, చిప్స్ ప్యాకెట్లు పారేసి, చెట్టు కింద బిర్యానీ తిని, దాన్నే ట్రెక్కింగ్ అంటారు.

ఇక కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల సంగతి. ఇది చెప్పడానికే మీ ప్రశ్న పట్టుకున్నానేమో.

డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి కొల్లాపూర్ బస్సెక్కాను. సైకిల్ ముందు చక్రం ఊడదీసి వెనకాల సీటు పక్కన ఇరికించాను. కండక్టర్ నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టాడు, సైకిల్‌కి మాత్రం లగేజీ టికెట్ చింపాడు. "అది కూడా లేడీస్ సైకిలే కదా తమ్ముడూ" అన్నాను. "దానికి ఆధార్ ఉందా మేడం?" అన్నాడు. బస్సంతా నవ్వింది. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఈ ఫ్రీ బస్సు మొదలయ్యాక ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారని మా ఆఫీసులో మగవాళ్లు గొణుగుతుంటారు. తిరుగుతున్నాం మరి! తిరగడానికి కాకపోతే బస్సెందుకు?

రాత్రి కొల్లాపూర్‌లో పడుకుని పొద్దున్నే సోమశిల రేవుకి తొక్కాను. శ్రీశైలం రిజర్వాయర్ నీళ్లు నిండుగా ఉన్నాయి, అవతల నల్లమల మంచులో మసకగా ఉంది. మరబోటులో అప్పటికే ఆరుగురు మనుషులు, నాలుగు మేకలు. బోటతను నాకు వంద, సైకిల్‌కి నూట యాభై అన్నాడు. అదేం లెక్కని అడిగాను.

"నువ్వు నిలబడతవక్కా. సైకిల్ పండుకుంటది. పండుకునేదానికి జాగ ఎక్కువ గావాలె."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇచ్చేశాను. సగం దూరం పోయేసరికి ఒక మేక హ్యాండిల్ రబ్బరు నములుతోంది. దాన్ని అదిలిస్తే పెడల్ పోయి ఒక పెద్దమ్మ చీరకుచ్చిళ్లలో చిక్కింది. ఆమె తిట్టలేదు, తాపీగా విడదీసుకుని, "ఒక్కదానివే వస్తివా? ఇంట్లో తెలుసునా?" అంది. ఏ కొండకి పోయినా ఈ ప్రశ్న తప్పదు నాకు. అక్కడ ఒంటరిగా తిరిగే మగవాణ్ణి ఎవరూ అడగరు.

బోటతను దూరంగా నీళ్లకేసి చెయ్యి చూపించి, సంగమేశ్వరం గుడి అటు కింద మునిగి ఉందన్నాడు. అందులో లింగం వేపమొద్దు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే, ఎండాకాలం రిజర్వాయర్ తగ్గితే బయటికొస్తుంది. మా ఇంట్లో టేకు తలుపు రెండు వానలకే ఉబ్బి మూసుకోవట్లేదు!

సిద్ధేశ్వరం వైపు దిగి, సైకిల్ ఒక టీకొట్టు దగ్గర పెట్టి, పశువుల బాట పట్టుకుని గుట్ట మీదికి గంటన్నర నడిచాను. వెనక్కి తిరిగితే నేనొచ్చిన బోటు చెప్పంత కూడా లేదు. తర్వాత మధ్యాహ్నమంతా తొక్కి ఆత్మకూరు, అక్కణ్ణుంచి కర్నూలు బస్సు, రాత్రి రైలు. ఆత్మకూరు ఆంధ్ర కదా, అక్కడి కండక్టర్ నా తెలంగాణ ఆధార్ చూసి "ఇది ఇక్కడ చెల్లదమ్మా" అని టికెట్ కొట్టాడు. కారుంటే నది దాటేదాన్నా? చుట్టూ కర్నూలు మీదుగా తిరిగి రావాల్సిందే.

సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకి 2022లో కేంద్రం ఒప్పుకుంది, వెయ్యి కోట్ల పైచిలుకు. ఊళ్లవాళ్లకి మంచిదే, కాదనను. నాకు మాత్రం మేకలతో ఆ బోటే కావాలి. పడవల్లో లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. నేను ఆ రోజు అడగలేదు, అది నా తెలివితక్కువతనం.

ఇంకోటి, చివరి బస్సు టైము బస్టాండు బోర్డు మీద చూసి నమ్మకండి. పక్క పాన్‌డబ్బా అతన్ని అడగండి. నేను బోర్డు నమ్మి ఒక ఊళ్లో రాత్రంతా దోమలకి భోజనమయ్యాను.

చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలో శివుడుండే సలేశ్వరం పోతున్నాను. జాతర ఆ నాలుగైదు రోజులే, మిగతా ఏడాదంతా అడవి దారి మూసేస్తారు. అచ్చంపేట నుంచి బస్సులుంటాయి, తర్వాత లోయలోకి నడకే. దిగేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా", ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అని అరుస్తారు జనం. హవాయి చెప్పులతో నడిచే ముసలమ్మలు అక్కడ నన్ను దాటేసి పోతారు. మీరు ఆ బైకు డబ్బులు దాచుకుని, రెండు లీటర్ల నీళ్లు పట్టుకుని రండి. సైకిల్ వద్దు, ఆ మెట్ల మీద దాన్ని మోయాల్సింది మీరే.