రోడ్డు తవ్వకుండా పైపులు వేసే ఉద్యోగం: డిప్లొమా కుర్రాడిని పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పాసయ్యాడు. హెచ్‌డీడీ మెషీన్‌తో (నేల లోపల అడ్డంగా బోరు వేసేది) రోడ్ల కింద గ్యాస్ పైపులు వేసే కాంట్రాక్టరు ట్రైనీగా రమ్మంటున్నారు. బురదలో పని, చదువుకు తగదేమో అనిపిస్తోంది. పంపమంటారా?

జవాబు: పంపండి. ఏ పని నేర్పుతారో మాత్రం ముందే అడగండి. బురద రోజూ ఉండేదే, అది దాచక్కర్లేదు. రిగ్ (బోరు వేసే మెషీన్) లివర్లు పట్టుకునే ఆపరేటర్ మీదే అందరి కళ్లూ ఉంటాయి గానీ, లెక్కలు వచ్చిన డిప్లొమా కుర్రాడికి సరిపోయేది లొకేటర్ పని.

నేలను తొలుచుకుంటూ పోయే డ్రిల్ హెడ్ లోపల సోండ్ అనే ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. పైన రిసీవర్ పట్టుకుని నడుస్తూ హెడ్ ఎంత లోతులో ఉంది, ఎంత వాలులో పోతోంది, దాని ముఖం ఎటు తిరిగి ఉంది అని చదివేవాడు లొకేటర్. హెడ్ ముందు భాగం ఏటవాలుగా ఉంటుంది. తిప్పుతూ నెడితే తిన్నగా పోతుంది. ముఖాన్ని గడియారంలో 12 ఉండే దిక్కున ఆపి, తిప్పకుండా నెడితే పైకి లేస్తుంది, 6 దగ్గర ఆపితే కిందికి దిగుతుంది. ఎప్పుడు ఆపాలో, ఎటు నెట్టాలో ఆపరేటర్‌కు చెప్పేది ఇతనే.

హెడ్‌ను వెనక నుంచి నెట్టే 3 మీటర్ల రాడ్ 20 శాతం వాలులో పోతే రాడ్‌కు దాదాపు 60 సెంటీమీటర్లు దిగుతుంది. నేల సమంగా ఉండి, వాలు మారకపోతే నాలుగు రాడ్లకు 2.4 మీటర్లు రావాలి. రిసీవర్ 1.8 చూపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. కరెంటు కేబుళ్లు, కాంక్రీటులోని చువ్వలు సిగ్నల్‌ను చెడగొడతాయి. అక్కడ ఆగి సరిచూసుకోకపోతే హెడ్ ఏ కేబుల్‌లోకో, నీళ్ల పైపులోకో దూరుతుంది. అడ్డొచ్చే పాత లైన్ల దగ్గర ముందే చేత్తో గుంట తీసి కళ్లారా చూసుకునే అలవాటు ఉన్న సైట్‌లోనే వాడు పని నేర్చుకోవాలి.

మడ్, అంటే బోరు గోడ కూలకుండా లోపలికి పంపే మట్టినీళ్లు, కలపడం నేర్చుకోవడం కూడా వదలొద్దు. ముందు సోడా యాష్‌తో నీటి పీహెచ్‌ను 8.5–9.5కు తెచ్చి, ఆ తర్వాతే బెంటోనైట్ అనే మట్టి పొడి వేయాలి. గట్టి నీళ్లలో నేరుగా వేస్తే అది సరిగా పొంగదు, ఇసుక నేలలో బోరు గోడ కూలుతుంది. నల్లరేగడిది వేరే తంటా. బోరును వెడల్పు చేస్తూ వెనక్కి లాగే రీమర్‌కు బంకమట్టి ముద్దకడుతుంది, మడ్ వెనక్కి రాదు, ఒత్తిడి పెరిగి రోడ్డు మధ్యలో పైకి తన్నుకొస్తుంది. పాలిమర్ వేసి, రీమర్‌ను నెమ్మదిగా లాగాలి. సాధారణంగా 125 మి.మీ. పైపుకు 225, 300కు 450 మి.మీ. బోరు చేస్తారు. పైపుకూ రీమర్‌కూ మధ్య స్వివెల్ (రీమర్ తిరిగినా పైపు తిరగకుండా ఆపే కీలు) లేకపోతే పైపు కూడా మెలి తిరుగుతుంది.

చేరేముందు పీఎఫ్, ఈఎస్ఐ, హెల్మెట్ సంగతితో పాటు ఒక్క మాట అడగండి: బోరు బయటికి తేలే అవతలి గుంటలో రీమర్ బిగిస్తుంటే ఇవతల రాడ్ తిరగకుండా మెషీన్‌ను ఎలా లాక్ చేస్తారు? వాకీటాకీలో చెప్పుకుంటాం అంటే ఆ చోటు వద్దు. అలా తిరిగిన రాడ్లు చేతులే కాదు, ప్రాణాలూ తీస్తాయి.

తర్వాత బీటెక్ చేయాలనిపిస్తే ఈసెట్ (డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు.