నొప్పి మాత్ర ఏ పూట వేసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్లు. పొద్దున లేచాక గంటన్నర దాకా రెండు చేతుల వేళ్లూ ముడుచుకోవు, చెంబు కూడా పట్టుకోలేదు. ఆరు నెలలుగా ఇదే వరస. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఐబుప్రోఫెన్ 400 వేసుకుంటోంది. సాయంత్రం దాకా హాయి, తెల్లారితే మళ్లీ మామూలే. డోసు పెంచమంటారా?
— ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: పెంచొద్దమ్మా. ఐబుప్రోఫెన్ పట్టు ఆరు నుంచి ఎనిమిది గంటలే. ఒంటిగంటకి వేసుకున్నది రాత్రి తొమ్మిదికల్లా అయిపోతుంది. కీళ్లవాతంలో వాపు తెచ్చే రసాయనాలు తెల్లవారుజామునే ఎక్కువవుతాయి. వాపును అణిచే కార్టిసాల్ ఆ వేళకి ఒంట్లో పెరుగుతున్నా చాలదు. అందుకే ఈ రోగులకి రాత్రి భోజనం కాగానే నాప్రోక్సెన్ లాంటి ఎక్కువసేపు నిలిచే మాత్ర రాస్తారు. గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంట కూర్చున్నాకే పడుకోవాలి. గుటకెడు నీళ్లతో మింగి వాలిపోతే మాత్ర అన్ననాళంలో అతుక్కుని పుండు చేస్తుంది. ఈ వయసులో కడుపులో పుండు పడకుండా కాపాడే మందు కూడా జోడించాలి. బీపీ మాత్రలు వాడుతున్నా, కిడ్నీ జబ్బున్నా డాక్టరుకి ముందే చెప్పండి. నాప్రోక్సెన్ మీద కాంబిఫ్లామ్ వేయకండి, అందులోనూ ఐబుప్రోఫెనే ఉంది.

అసలు సంగతి వేరే. మీరు చెప్పినవి రుమటాయిడ్ అనే కీళ్లవాతం లక్షణాలు. నొప్పి మాత్ర కీలు పాడవడాన్ని ఆపదు. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలోనో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలోనో చూపించి ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షలు చేయించండి. ఈ జబ్బుకి వాడే మెథోట్రెక్సేట్ మాత్ర రాస్తే అది వారానికి ఒక్కసారే. చీటీ మీద అది సోమవారమో మంగళవారమో, ఏ రోజు వేసుకోవాలో పెద్దగా రాయించుకోండి. పొరపాటున రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: మా బాపుకి పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రమే మోకాళ్లు గుంజుతయి. రాత్రి మాత్ర ఇస్తున్నం.
— ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఇది అరుగుదల నొప్పిలా ఉంది, నడిచేకొద్దీ పెరుగుతుంది. నిద్రపోయే ముందు వేసే మాత్ర దండగే. నాలుగింటికి గుంజేటట్టయితే మూడింటికే పారాసిటమాల్ 650 ఇవ్వండి, పట్టుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. రెండు మాత్రల మధ్య ఆరు గంటలు, రోజుకి నాలుగు దాటొద్దు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపండి. మద్యం తాగే అలవాటుంటే ఇంకా తగ్గించాలి, ఎంతన్నది డాక్టర్నడగండి. ఎండాకాలం చేలో నీళ్లు తాగకుండా చెమటోడుస్తూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మింగడం మాత్రం మానిపించండి. కిడ్నీలు దెబ్బతినేది అక్కడే.