అమ్మాయి డైరీ చదివేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది కర్నూలు. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పోయిన రంజాన్‌కి నమాజులు, ఖుర్ఆన్ చదివిన లెక్క, దువాలు (వేడుకోళ్లు) రాసుకునే అచ్చు డైరీ ఒకటి కొనిచ్చాను. పండగ దాకా హుషారుగా రాసింది. తర్వాత ముభావంగా ఉంటుంటే అనుమానమొచ్చి ఆ డైరీ తీసి చూశాను. ఎర్ర పెన్నుతో తప్పిపోయిన నమాజుల లెక్కలు, ‘నేను మునాఫిక్‌ని’ (పైకే భక్తి నటించే కపటిని) అని పదేపదే రాత. అడిగితే ఏడ్చి డైరీ చించేసింది. నాతో మాట్లాడటం తగ్గించింది. మళ్లీ రాయమనాలా, మానేయమనాలా?

జవాబు: రాయడం గురించి తర్వాత చూద్దాం. మీరు ముందు అమ్మాయికి క్షమాపణ చెప్పాలి. ‘నీ మంచి కోసమే చదివాను’ అని మొదలుపెడితే అది క్షమాపణ అవదు. ‘నీ డైరీ చదవకుండా ఉండాల్సింది, తప్పు నాదే, ఇక ముట్టుకోను’ అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఒకరి గుట్టు ఒకరు ఆరా తీయొద్దని ఖుర్ఆన్‌లోని సూరా (అధ్యాయం) హుజురాత్ 12వ ఆయత్ (వాక్యం)లో స్పష్టంగా ఉంది. కన్నబిడ్డ కదా అని అక్కడ మినహాయింపేమీ లేదు. చదివిన సంగతి వాళ్ల అబ్బాకో, నానీకో చెప్పి ఉంటే, మరోసారి ఆ ప్రస్తావన రాకుండా చూడమని వాళ్లనూ అడగండి. చించిన కాగితాల్లో అరబీలో రాసిన ఆయత్‌లు ఉండొచ్చు. వాటిని చెత్తలో పడేయకుండా మసీదులో ఇవ్వమని అమ్మాయికే చెప్పండి. మీరు ఏరి, అతికించి చదవకండి!

ఇక ‘మునాఫిక్’ అన్న మాట. అమ్మాయి వినే స్థితిలో ఉన్నప్పుడు హన్‌జలా (రజి) సంగతి చెప్పండి. ఆయన ప్రవక్త (స) దగ్గర రాతపని చేసిన సహాబీ, అంటే సహచరుడు. ‘హన్‌జలా మునాఫిక్ అయిపోయాడు’ అని తన గురించి తానే వాపోయారు. ప్రవక్త సన్నిధిలో స్వర్గ నరకాలు కళ్లకు కట్టినట్టుంటాయి, ఇంటికెళ్లి భార్యాపిల్లల్లో పడితే చాలా మటుకు మరచిపోతున్నాను అన్నది ఆయన బాధ. అబూబకర్ (రజి) అంతటివారు కూడా ‘నాకూ అంతే’ అన్నారు. ప్రవక్త (స) హన్‌జలాను గద్దించలేదు. ఎప్పుడూ నా దగ్గర ఉన్నట్టే ఉండగలిగితే దైవదూతలు మీ పడకల మీద, దారుల్లో మీతో చేయి కలిపేవారు, కానీ హన్‌జలా, ఒక సమయంలో ఇలా, ఇంకో సమయంలో అలా ఉంటుంది అన్నారు. సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసు (ప్రవక్త మాటల నమోదు) ఇది. రంజాన్‌లో ఉన్న ఊపు తర్వాతి నెల షవ్వాల్‌లో తగ్గిందని కుమిలిపోయే పదహారేళ్ల పిల్లకు ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు.

ఆ ఊపు తగ్గడానికి మామూలు కారణాలే ఉంటాయి. రంజాన్‌లో సహరీకి (ఉపవాసానికి ముందు తినడానికి) ఇల్లంతా లేస్తుంది కాబట్టి ఫజర్ (తెల్లవారుజాము నమాజు) దానంతటదే కుదురుతుంది. ఈద్ అయ్యాక ఒక్కతే అలారం పెట్టుకుని లేవాలి, పైగా కాలేజీ మొదలవుతుంది. అచ్చు డైరీలో గళ్లు మాత్రం అలాగే ఉంటాయి. రోజుకు ఐదు గళ్లు, ఒకటి ఖాళీగా ఉన్నా పేజీ మొత్తం తప్పుల పట్టీలా కనిపిస్తుంది. ఆడపిల్లలకు ఇంకో చిక్కుంది. నెలసరి రోజుల్లో నమాజు లేదు, ఆ నమాజులు తర్వాత కజా చేయక్కర్లేదు (తీర్చక్కర్లేదు) కూడా. రోజాలు (ఉపవాసాలు) మాత్రం తర్వాత తీర్చుకోవాలి. అయినా గళ్లు ఖాళీగానే కనిపిస్తాయి. ఆ రోజులకు చిన్న చుక్క పెట్టి, చేసిన జిక్ర్ (దైవస్మరణ), దువా ఒక లైను రాసుకుంటే చాలు.

మళ్లీ రాయమని మీరు అడగకండి. మామూలు గీతల నోటుబుక్కు ఒకటి, తాళం ఉన్న సొరుగు ఒకటి ఇవ్వండి. తాళంచెవి తన దగ్గరే ఉండాలి. రాస్తే రాస్తుంది. నమాజు ఫర్జ్ (తప్పనిసరి విధి), డైరీ కాదు. ఇషా (రాత్రి నమాజు) తర్వాత జానమాజ్ (నమాజు చాప) మీద రెండు నిమిషాలు కూర్చుని రోజును తలచుకున్నా ఆత్మపరిశీలనే, ముహాసబాయే.

తనే వచ్చి ఎలా రాయాలని అడిగితే ఇలా చెప్పొచ్చు. పది నిమిషాలకు మించొద్దు, అర పేజీ చాలు. మొదట ఆ రోజు అల్లాహ్‌కు షుక్ర్ (కృతజ్ఞత) చెప్పుకోవలసిన ఒక్క సంగతి, అదీ విడిగా, పేరుపెట్టి. ‘అన్నిటికీ అల్‌హమ్‌దులిల్లాహ్’ అని రోజూ రాస్తే వారానికే యాంత్రికంగా మారిపోతుంది. తర్వాత జారిపోయిన ఒక్క సంగతి, దాని పక్కనే కారణం. ‘ఫజర్ పోయింది, నేను చెడ్డదాన్ని’ అని రాస్తే రేపటికి పనికొచ్చేది ఏమీ మిగలదు. ‘పన్నెండున్నర దాకా రీల్స్ చూశాను, ఫోన్ దిండు పక్కనే ఉంది, అలారం ఆపి పడుకున్నాను’ అని రాస్తే రేపు మార్చాల్సింది అందులోనే ఉంది: ఫోన్ హాల్లో పెట్టడం. ఆ ఒక్క మార్పే మూడో లైను. చివర ఒక దువా, తెలుగులోనే, తన మాటల్లో. తీర్చాల్సిన కజా నమాజుల లెక్క కావాలంటే చివరి పేజీలో విడిగా, పెన్సిల్‌తో. తీరినకొద్దీ చెరిపేయొచ్చు. ఎర్ర పెన్ను ఇంట్లోనే లేకపోతే మరీ మంచిది.

పాపాల వివరాలు మాత్రం రాయొద్దనండి. అల్లాహ్ కప్పి ఉంచినదాన్ని మనమే బయటపెట్టుకోకూడదన్నది హదీసు నేర్పే మర్యాద. రాసింది ఎప్పుడో ఒకప్పుడు ఎవరి చేతికో చిక్కుతుంది, మీ ఇంట్లో జరిగిందీ అదే కదా. ‘నిన్నటి విషయానికి తౌబా (పశ్చాత్తాపం) చేశాను’ అన్న ఒక్క లైను చాలు. ఆయత్ నచ్చితే అరబీలో రాయకుండా సూరా పేరు, ఆయత్ నంబరు, తెలుగు అర్థం రాసుకుంటే నోటుబుక్కు బ్యాగులో ఎక్కడున్నా బెంగుండదు. వారానికి ఒక్క ఆయత్ తీసుకుని దాని కింద తనకొచ్చిన ప్రశ్న రాసుకోవచ్చు. ‘ఇలా అడగొచ్చా’ అని భయపడితే, అడగొచ్చని చెప్పండి.

జుమా రోజు (శుక్రవారం) ఏమీ రాయకుండా వారం పేజీలు తిరగేస్తే చాలు. ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే సరిచేయాల్సింది అదే. పరీక్షల్లో రెండు లైన్లకు తగ్గించినా, నాలుగు రోజులు మానేసినా పర్వాలేదు. వదిలేసిన పేజీలు నింపే పని పెట్టుకోవద్దు. కొంచెమైనా ఎడతెగకుండా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హదీసులో ఉంది. వరుసగా తప్పుల లెక్కలే వస్తుంటే సూరా జుమర్ 53వ ఆయత్ చదవమనండి. హద్దు మీరినవారిని సైతం నిరాశ పడొద్దంటుంది అది.

ఒక్క విషయం కనిపెట్టి ఉండండి, డైరీ తెరవకుండానే. వుజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కోవడం) మళ్లీ మళ్లీ చేయడం, సరిగ్గా చదవలేదేమోనని అదే నమాజు పదేపదే చదవడం, ఇలాంటివాటికి రోజులో గంటకు పైగా పోతుంటే అది భక్తి ఎక్కువై వచ్చింది కాదు. వస్‌వసా (వదలని అనుమానం) ముదిరి ఓసీడీ అనే జబ్బుగా మారి ఉండొచ్చు. అప్పుడు డైరీ కూడా ఆపించి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. తిండి, నిద్ర తగ్గినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఆగొద్దు, సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఇమామ్ సాబ్‌తో దువా చేయించుకోండి, వైద్యం మాత్రం అందుకోసం ఆపకండి.