దామాషా పద్ధతిలో దాదాపు 5 శాతం ఓట్లు వచ్చినా ఒక్క సీటూ రాకపోవడం ఎలా?

దామాషా పద్ధతి (వచ్చిన ఓట్ల నిష్పత్తిలో పార్టీలకు సీట్లు పంచే విధానం) ఉన్న చాలా దేశాల్లో సీట్లలో వాటా రావాలంటే పార్టీ ముందు కనీస ఓట్ల శాతం దాటాలి. జర్మనీలో అది 5 శాతం (లేదా మూడు నియోజకవర్గాల్లో నేరుగా గెలవాలి), ఇజ్రాయెల్‌లో 3.25. చిన్నాచితకా పార్టీలతో సభ నిండిపోయి ప్రభుత్వాలు నిలబడవన్న భయంతో పెట్టిన నిబంధన ఇది. 2025లో జర్మనీలో సారా వాగెన్‌క్నెష్ట్ పార్టీకి వచ్చింది 4.98 శాతం. పాతిక లక్షలకు దగ్గరగా ఓట్లు, సీట్లు సున్నా! ఆ ఓటర్లకు ఇది నిజంగా అన్యాయమే. అదే నెదర్లాండ్స్‌లో, 150 సీట్లకు, సుమారు 0.67 శాతంతోనే ఒక సీటు వస్తుంది.

ఎంత శాతం ఓట్లొస్తే సరిగ్గా అంత శాతం సీట్లని చాలామంది అనుకుంటారు. ఆ లెక్క కనీస శాతం దాటిన పార్టీల మధ్యే. అందుకే జర్మనీలో అదే 2025 ఎన్నికల్లో 28.5 శాతం ఓట్లతో సంప్రదాయవాద పార్టీలైన సీడీయూ-సీఎస్‌యూ కూటమికి 630లో 208 సీట్లు, అంటే 33 శాతం దక్కాయి.