పనస చెక్క డెక్ ఎందుకు చీలింది

తమ్ముడూ, బొబ్బిలిలో వీణలకు వాడే పనస చెక్కతో స్కేట్‌బోర్డు డెక్ (కాళ్లు పెట్టి నిలబడే పలక) చేయించానని, రెండో రోజే ముందు బోల్టుల దగ్గర నిలువునా చీలిందని రాశావు. తప్పు వడ్రంగిది కాదు. వీణకు ఆ చెక్కను ఎంచుకునేది నాదం కోసం, దాని మీద ఎవరూ ఎక్కి దూకరు కదా! ఒకే పలకలో నారంతా ఒకే దిక్కున ఉంటుంది. ట్రక్కుకు, అంటే చక్రాలను పలకకు బిగించే ఇరుసుకు, నాలుగేసి చొప్పున వేసిన రంధ్రాల వెంట చీలిక సులువుగా పాకుతుంది.

మామూలు డెక్‌లో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మేపుల్ పొరలు ఏడు ఉంటాయి. జిగురు రాసి అచ్చులో నొక్కుతారు. వాటిలో సాధారణంగా రెండింటిని అడ్డంగా వేస్తారు, చీలికను ఆపేవి అవే. నీ పలకను జిగురుతో అతికించినా మళ్లీ చీలే ప్రమాదం ఉంది. దయచేసి దాని మీద ఎక్కొద్దు.

తొక్కడానికి బొమ్మ లేని మేపుల్ డెక్ కొనుక్కో. అడుగు వైపు శాండ్‌పేపర్‌తో రుద్ది, అక్రిలిక్ రంగులతో నీ బొమ్మ వేసి, ఆరాక క్లియర్ వార్నిష్ రెండు పూతలు వెయ్యి. గట్ల మీద జారిస్తే గీతలు పడతాయి, దానికి మనసు సిద్ధం చేసుకో.

పనస పలకను మాత్రం పారేయకు. నూనె పట్టించి గోడకు తగిలించు. ఆ పసుపు రంగు ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు.