వాటర్ పార్క్‌ నుంచి బయటికి పంపొచ్చు, గదిలో కూర్చోబెట్టడానికి మాత్రం కుదరదు

ప్రశ్న: సార్, మాది రాజమండ్రి. సెలవుల్లో ఆరుగురం కలిసి వైజాగ్ దగ్గర ఒక వాటర్ పార్క్‌కి వెళ్ళాం. మా బాబు ఎత్తు 2 సెంటీమీటర్లు తక్కువని పెద్ద స్లైడ్ ఎక్కనివ్వలేదు, టికెట్ మాత్రం ఫుల్ తీసుకున్నారు. తర్వాత మా బావమరిది స్లైడ్ మీద ఫోన్‌తో వీడియో తీస్తుంటే వద్దన్నారట, వీడు వినలేదు. సెక్యూరిటీవాళ్ళు వాణ్ణి ఒక గదిలో గంటన్నర కూర్చోబెట్టి, ఫోన్ లాక్కుని, 2,000 ఫైన్ కట్టించుకుని, క్షమాపణ పత్రం రాయించుకుని, అప్పుడు మమ్మల్నందర్నీ బయటికి పంపేశారు. రీఫండ్ లేదన్నారు. టికెట్ వెనకాల 'ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదు' అని కూడా ఉంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండీ, కానీ మీరు మొదట రాసిన దానిమీద కాదు.

ఎత్తు విషయంలో మీకు కేసు లేదు. 2 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది, నిజమే, మా అమ్మాయిని కూడా ఒకసారి ఆ కొలత బోర్డు దగ్గర ఆపేస్తే అది ఏడ్చిన ఏడుపు చూడలేక నేను ఆపరేటర్ కుర్రాడి మీద ఎగిరాను, లాయర్ని అని కూడా చెప్పాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆ కుర్రాడు పోనీలే అని ఎక్కించి పిల్లకేమన్నా అయితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 125 కింద కేసు వాడి మీదే పడుతుంది, ప్రాణం పోతే 106, అందులో ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోతే నిర్వాహకుల్ని అరెస్ట్ చేశారు. కాబట్టి రూల్ అమలు చెయ్యడం వాళ్ళ హక్కే కాదు, వాళ్ళ డ్యూటీ. ఎత్తు రూల్ కౌంటర్ దగ్గర రాసిపెట్టకుండా ఫుల్ టికెట్ అమ్మితే మాత్రం అది అడగొచ్చు.

ఇక బయటికి పంపడం. టికెట్ అంటే లోపల ఉండటానికి వాళ్ళిచ్చిన పర్మిషన్, చట్టం భాషలో లైసెన్స్. దాన్ని రద్దు చెయ్యొచ్చు, చేస్తే బయటికెళ్ళడానికి, లాకర్లో సామాన్లు తీసుకోడానికి తగినంత టైం ఇవ్వాలి (ఇతరుల స్థలం వాడుకునే హక్కుల గురించి చెప్పే ఈజ్‌మెంట్స్ చట్టం, సెక్షన్ 63). చెప్పినా వినకుండా ఫోన్‌తో వీడియో తీశాడు గనక మీ బావమరిదికి రీఫండ్ అడిగే ముఖం లేదు, వాడికి కోపం వచ్చినా ఇదే మాట. కానీ మీరు ఐదుగురూ ఏం చేశారు? డబ్బులు కట్టినవాణ్ణి, తన తప్పేమీ లేకుండా, పూర్తిగా వాడుకోకముందే పంపేస్తే పరిహారం ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 64 చెప్తుంది. మీరు కూడా కలగజేసుకుని సెక్యూరిటీవాళ్ళని తోసేసి ఉంటే కథ మారిపోతుంది, అది మీకే తెలియాలి.

అసలు కేసు ఆ గదిలో ఉంది. కదలనివ్వకుండా గంటన్నర కూర్చోబెట్టడం అక్రమ నిర్బంధం, సంహిత సెక్షన్ 127, ఏడాది దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా లేదా రెండూ. మామూలు మనిషి ఇంకొకణ్ణి పట్టుకోవచ్చు గానీ అది తన కళ్ళెదుట నాన్‌బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రానిది), కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండా పోలీసులు అరెస్ట్ చెయ్యగలిగింది) నేరం జరిగితేనో, కోర్టు పరారీలో ఉన్నాడని ప్రకటించిన నేరస్థుడు దొరికితేనో మాత్రమే, అప్పుడు కూడా ఆలస్యం చెయ్యకుండా, ఆరు గంటల్లోపే పోలీసులకి అప్పజెప్పాలి. స్లైడ్ మీద వీడియో తియ్యడం అలాంటి నేరం కాదు కదా. పొమ్మన్నా పోకుండా రభస చేస్తే పోలీసుల్ని పిలవాలి, అంతేగానీ వీళ్ళే పోలీసులైపోకూడదు. ఫైన్ కూడా అంతే, వస్తువేదన్నా పాడుచేస్తే నష్టం అడగొచ్చు గానీ ప్రైవేట్ పార్క్‌కి శిక్షగా డబ్బు వసూలు చేసే అధికారం ఎక్కడిది? ఆ 2,000కి రసీదు ఇచ్చారా? ఇస్తే జాగ్రత్తగా దాచండి, వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నట్టు.

టికెట్ వెనకాల వాక్యానికి భయపడక్కర్లేదు. వాళ్ళ నిర్లక్ష్యంతో దెబ్బ తగిలితే అలాంటి ఒక్క లైన్ చూపించి తప్పించుకోవడం కష్టం, వినోదం కూడా వినియోగదారుల చట్టంలో సేవ కిందికే వస్తుంది. కానీ రూల్ మీరే తప్పి దెబ్బ తగిలించుకుంటే పరిహారం తగ్గుతుంది, ఒక్కోసారి అసలు రాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ముందు పార్క్‌కి స్పీడ్ పోస్టులో రాయండి, ఆ రోజు సీసీటీవీ ఫుటేజ్ చెరపొద్దని, ఆలస్యం చేస్తే దాని మీద కొత్త రికార్డింగ్ పడిపోతుంది. నిర్బంధం మీద అక్కడి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు. డబ్బులకి వినియోగదారుల కమిషన్, జరిగిన రెండేళ్ళలోపు, వైజాగ్ వెళ్ళక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, మీరు పార్క్‌కి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఇంకొకటి, మీ బావమరిది తీసిన ఆ వీడియో ఉంటే డిలీట్ చెయ్యొద్దు, రీల్ మాత్రం పెట్టొద్దని చెప్పండి, రేపు కమిషన్లో పార్క్ లాయర్ మొదట చూపించేది అదే.