ఔలులో కాఫీకి వెళ్ళబోయే అమ్మాయికి

ఎస్పో, ఫిన్లాండ్ నుంచి

అమ్మలూ,

ఔలులో నువ్వు ఇంకా కుదురుకోకముందే ఆఫీసువాళ్ళు ఇంటికి పిలిచారంటే సంతోషం. అటువైపు జనం మాటల్లో పొదుపే గానీ, పిలిచారంటే మనసారా పిలిచినట్టే. "ఏదో కాల్చిన చీజ్ పెడతారట, ఎలా తినాలి పెద్దమ్మా" అని అడిగావు కదా. అది లెయిపాయూస్తో. ఫిన్లాండ్ ఉత్తరాన, పడమరన ఉన్న కైనూ, ఒస్త్రోబోత్నియా, లాప్లాండ్ ప్రాంతాల ఇళ్ళల్లో పుట్టిన వంట.

చూడగానే పనీర్ అనుకుంటావు, కాదు. పనీర్‌కి పాలు మరిగించి నిమ్మరసంతో విరగ్గొడతాం. వీళ్ళు గోరువెచ్చటి పాలలో రెన్నెట్ అనే ఎంజైము కలిపి గడ్డకట్టిస్తారు. దాన్ని కోసి, నీళ్ళు వార్చేసి, రెండు మూడు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా అదిమి, బాగా కాగిన ఓవెన్లో మచ్చలు మచ్చలుగా ఎర్రబడేదాకా కాలుస్తారు. ఒకప్పుడు పొయ్యి మంట ఎదుట నిలబెట్టి కాల్చేవారు. పాలను పులియనివ్వరు కాబట్టి కాల్షియం గడ్డలోనే పట్టుకుని ఉంటుంది. అందుకే ఎంత వేడి చేసినా కరిగి కారిపోదు, మెత్తబడుతుందంతే. కొరికితే పంటి కింద కీచుమంటుంది. తాజాగా ఉందనడానికి అదే గుర్తు, కంగారుపడకు.

ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా తిని మాత్రం "ఇందులో ఏముంది" అని తేల్చెయ్యకు. మనవాళ్ళు చాలామంది చేసే పని అదే. చప్పగా, రబ్బరులా ఉంటుంది. వెచ్చబడితేనే పాల తీపి, కాలిన పైపొర వాసన బయటికొస్తాయి. ఇంట్లో అయితే ఓవెన్లో కొద్దిసేపు పెట్టుకో, పెనం మీద అటూ ఇటూ తిప్పినా చాలు.

నన్నడిగితే అసలు రుచి కాఫీలోనే. చిన్న ముక్కలు కోసి కప్పు అడుగున వేసి, పైన వేడి కాఫీ పోస్తారు. టోర్నియో నదికి ఇటు ఫిన్లాండ్‌లోనూ అటు స్వీడన్‌లోనూ, ఉత్తరాది ఆదివాసులైన సామీల ఇళ్ళల్లోనూ ఈ అలవాటుంది. పూర్వం ఈ చీజ్‌ని రాయిలా ఎండబెట్టి ఏళ్ళ తరబడి దాచుకునేవారు. తినేముందు నిప్పు దగ్గరో వేడి కాఫీలోనో మెత్తబరచుకునేవారు. కాఫీ మీద సన్నగా వెన్న తేలుతుంది, చూసి ముఖం చిట్లించకు. ముందు కాఫీ తాగు, అడుగున మిగిలిన ముక్కలు చెంచాతో తిను. వాళ్ళ కాఫీ గింజలు లేతగా వేయిస్తారు. మన డికాక్షన్ నోటికి పలచగానే ఉంటుంది. అయినా పాలు అడగొద్దు, ఆ పని చీజ్ చేస్తుంది.

రెండో పద్ధతి హిల్లా జామ్‌తో. రెండు యూరోల ఫిన్లాండ్ నాణెం మీద ఉన్న పండు అదే, చూసుకో. బురద నేలల్లో జూలై చివర, ఆగస్టు మొదట్లో పండుతుంది. తేనె రంగు, పుల్లపుల్లగా, నోటినిండా గింజలు. ఎవరైనా కోసుకోవచ్చు గానీ ఎక్కడ దొరికిందో ఎవరూ చెప్పరు, నువ్వూ అడక్కు. ముక్కల మీద మీగడ, కాస్త చక్కెర, దాల్చినచెక్క పొడి వేసి ఓవెన్లో పెట్టి, పైన ఈ పళ్ళు వేసి కూడా ఇస్తారు. అది ఇచ్చారంటే నీ అదృష్టం.

నీకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. రెన్నెట్ కొన్నిసార్లు దూడ పొట్ట నుంచి తీసినదై ఉంటుంది. నీకు పట్టింపు ఉంటే సూక్ష్మజీవులతో చేసిన రెన్నెట్ వాడారేమో కొనేటప్పుడు అడుగు. పిలిచినవాళ్ళకి ముందురోజే ఒక మెసేజ్ పెట్టు. పళ్ళెం ముందు కూర్చున్నాక అడిగితే పాపం వాళ్ళు నొచ్చుకుంటారు.

అన్నట్టు, పూర్వం దీన్ని ఆవు ఈనిన కొత్తలో వచ్చే పాలతో కూడా చేసేవారు. ఆ పాలనే రెన్నెట్ లేకుండా ఓవెన్లో పెడితే ఊనియూస్తో అవుతుంది. బెల్లం, మిరియాలు, యాలకులు లేవు గానీ అది అచ్చం మన జున్నే! మీ తాతయ్యకి ఫోన్లో చెప్పు, నమ్మరు.

మసాలా కూరలో మాత్రం వెయ్యకు. చెడిపోదు, కానీ ఆ ధరకి పనీర్ కొనుక్కోవచ్చు. హిల్లా జామ్ కొనేటప్పుడు సీసా మీద పండు శాతం చదువు. చవకవాటిలో చాలామటుకు చక్కెరే.

మీ పెద్దమ్మ